చదివే హక్కు – దిద్దే బాధ్యత

తెలుగు పాఠం చెప్పేవాడికి కంప్యూటరును గురించి వ్రాయడానికి ఏమి అధికారం ఉన్నదని విద్యార్థులు అనుకోవచ్చును. ఆ ప్రశ్న సమంజసమే. శతక వాఙ్మయాన్ని గురించో, ప్రబంధ నాయికలను గురించో నాలుగు పుటలు వ్రాయమని సంపాదక వర్గం వారు ఏటా అడుగుతారు. నేనూ అలాగే వ్రాస్తూ వచ్చాను. ఈ సంవత్సరం ఆ దారి విడిచి, మన కంప్యూటరు గదిలో జరిగిన ఒక చిన్న సంఘటనను గురించి, దాని వెంట వచ్చిన ఒక పెద్ద నిర్ణయాన్ని గురించి వ్రాయదలచాను. ఏలనంటే ఆ సంఘటనకు కారకుడను నేను. ఆ నిర్ణయం వల్ల నష్టపోయినవారు విద్యార్థులు. ఇది చూస్తూ మౌనంగా ఉండటం ఉపాధ్యాయ ధర్మం కాదని నా అభిప్రాయం.

ముందుగా జరిగినది చెబుతాను. ఈ పత్రికలోని ఉర్దూ పుటలనూ తెలుగు పుటలనూ కూర్చేది కంప్యూటరు గదిలో కిటికీ ప్రక్కనున్న యంత్రం మీదనే అని మీలో చాలామందికి తెలుసు. అది లినక్సుతో నడుస్తుంది. గడచిన సంవత్సరాల సంచికలన్నీ దానిలోని రెండవ హార్డ్ డిస్కులో ఉన్నాయి. ప్రతి ఉదయం యంత్రం లేచిన తరువాత ఆ డిస్కును చేతితో జతపరచుకోవలసి వచ్చేది. యంత్రం లేచేటప్పుడే అది తనంతట తాను జతపడితే ఎంత సుఖమని నాకు ఆశ కలిగింది. దానికి మార్గం ఉన్నది. లినక్సులో ఎట్సీ అనే డైరెక్టరీ ఉంటుంది. యంత్రం ఎలా మేలుకోవాలో, మేలుకొన్న తరువాత ఏ పనులు ఏ వరుసలో చేయాలో చెప్పే అమరికల ఫైళ్ళలో ముఖ్యమైనవి అక్కడ ఉంటాయి. వాటిలో ఎఫ్‌స్టాబ్ అనే ఫైలు ఏ డిస్కును ఎక్కడ జతపరచాలో చెబుతుంది. అందులో ఒక పంక్తి చేర్చితే నా కోరిక తీరుతుంది.

ఆ పంక్తిని నేను ఇంటివద్ద, తెలుగు వ్యాసాలు టైపు చేసుకొనే ఫైలులోనే ఒక మూల వ్రాసుకొని, పెన్ డ్రైవులో తెచ్చి, సర్వాధికారం తీసుకొని ఎఫ్‌స్టాబ్‌ను తెరచి, అతికించి, భద్రపరచి, యంత్రాన్ని ఆపి మళ్ళీ వేశాను. అది లేవలేదు. నల్లని తెర మీద ఇంగ్లీషు పంక్తులు వరుసగా వచ్చి, చివరకు అత్యవసర స్థితిలోకి వెళ్ళాననీ, రూట్ ఖాతాకు తాళం వేసి ఉన్నందున అక్కడ కూడా లోపలికి రానివ్వలేననీ చెప్పి నిలిచిపోయింది. పత్రిక పుటలు ముద్రణాలయానికి చేరవలసిన గడువు పది రోజులున్నది. రెండు రోజులు ఆ యంత్రం ముందు కూర్చొని లేచాను తప్ప చేసినది ఏమీ లేదు.

మూడవ రోజున బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకామె వచ్చి, ‘సార్, ఆ ఫైలును ఒకసారి చూడనిస్తారా? దిద్దను, చూస్తానంతే’ అన్నది. ఆ మాటలోని వివేకం అప్పుడు నాకు తెలియలేదు. ‘చూడమ్మా, ఇంకా పాడయ్యేది ఏముంది’ అన్నాను. ఆమె తన వద్దనున్న పెన్ డ్రైవు పెట్టి దానిలోని లినక్సుతో యంత్రాన్ని లేపింది. మన డిస్కును ప్రక్కన జతపరచుకొన్నది. మొట్టమొదట చేసిన పని ఆ పాడైన ఫైలుకు నకలు తీయడం. ‘పాడైనదానికి నకలెందుకమ్మా?’ అని అడిగాను. ‘ఎందుకు పాడయిందో తరువాత తెలుసుకోవాలి కదా సార్’ అన్నది. ఆ తరువాత క్యాట్ అనే ఆదేశానికి పెద్ద ఏ అనే ఐచ్ఛికం చేర్చి ఫైలును తెరపైకి తెచ్చింది. అలా చూపితే సాధారణంగా కంటికి కనబడని అక్షరాలు కూడా గుర్తులుగా కనబడతాయి. నేను చేర్చిన పంక్తిలో డీఫాల్ట్స్ అనే మాట వెనుక ఏవో చిత్రమైన గుర్తులు నాలుగైదు ప్రత్యక్షమయ్యాయి.

అవి ఏమిటో తెలిసిన తరువాత సిగ్గుపడినవాడను నేనే. తెలుగులో సాఫ్ట్‌వేరు అని టైపు చేసేటప్పుడు ట కారపు పొల్లు వెనుకనున్న వ కారంతో కలిసి ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక అదృశ్య చిహ్నం వేస్తాము. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. వ్యాసంలో అది మనకు ఉపకారి. ఇంటివద్ద అలవాటు చొప్పున వ్రేలు ఆ మీటపై పడి ఆ చిహ్నం ఇంగ్లీషు మాట వెనుక చేరింది. నాకు డీఫాల్ట్స్ అని కనబడిన మాట యంత్రానికి తెలియని వేరొక మాటగా కనబడింది. తెలియని నియమంతో డిస్కును జతపరచలేనని అది నిరాకరించింది. అవసరమని చెప్పిన డిస్కు జతపడనందున మేలుకోవడమే మానుకొన్నది. ఆ అమ్మాయి ఆ పంక్తి మొదట హ్యాష్ గుర్తు ఒకటి పెట్టింది. ఆ గుర్తు ఉన్న పంక్తిని యంత్రం వ్యాఖ్యగా భావించి దాటిపోతుంది. పెన్ డ్రైవు తీసి మళ్ళీ వేస్తే యంత్రం లేచింది. టీ చల్లారేటంత సేపు కూడా పట్టలేదు.

పత్రిక పని సాగింది. కాని ఈ సంగతి కమిటీ దాకా వెళ్ళింది. తరువాతి వారంలో ఒక ఉత్తర్వు వచ్చింది. కంప్యూటరు గదిలో విద్యార్థులెవరూ టెర్మినల్ తెరవరాదు. నల్ల తెర తెరచినవారి పేరు అటెండరు రిజిస్టరులో వ్రాయవలెను. తప్పు చేసినది నేననీ, విద్యార్థిని యంత్రాన్ని బ్రతికించినదనీ నేను విన్నవించాను. పెద్దలు నా మీద గౌరవంతో నవ్వి ఊరుకొన్నారు గాని ఉత్తర్వు మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడు ఆ గదికి వెళ్ళే పిల్లలు, ‘చాచా, ఒక్క ఆదేశం వేసి చూసుకొంటాను’ అని అటెండరును బ్రతిమాలుకొనే స్థితి వచ్చింది. ఆయన మాత్రం ఏం చేయగలడు?

కమిటీ పెద్దల ఉద్దేశం మంచిదే అనడంలో నాకు సందేహం లేదు. యంత్రాలు ఖరీదైనవి. ఒకరి అల్లరి వలన నలభైమంది ప్రాక్టికల్స్ ఆగిపోవచ్చును. కళాశాలకు విరాళాలు ఇచ్చినవారికి కమిటీ జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. ఇవి కాదనలేని మాటలు. అయితే భయానికి ఔషధం నిషేధమా, శిక్షణా అన్నదే నేను లేవనెత్తే ప్రశ్న. నిషేధం వలన మనం కాపాడదలచినది కాపాడబడదనీ, నేర్పవలసినది మాత్రం పోతుందనీ నా దృఢ విశ్వాసం.

లినక్సును నిర్మించినవారు ఈ ప్రశ్నకు ఎప్పుడో సమాధానం చెప్పి ఉంచారు. ఎఫ్‌స్టాబ్ ఫైలు హక్కులను చూడండి. చదివే హక్కు ఆ యంత్రాన్ని వాడే ప్రతివారికీ ఉంటుంది. వ్రాసే హక్కు రూట్ అనే ఒక్క సర్వాధికారికి మాత్రమే ఉంటుంది. రహస్య సంకేతాలను ఉంచే షాడో వంటి కొద్ది ఫైళ్ళను మాత్రం సామాన్యుడు చదవలేడు. మిగిలిన అమరికలలో అధిక భాగం అందరి ముందూ తెరచిన గ్రంథమే. అంటే ఆ వ్యవస్థ చదవడాన్నీ దిద్దడాన్నీ ఒకే తాళంతో బంధించలేదు. మన ఉత్తర్వు ఆ రెండింటినీ ఒకే తాళంతో బంధించింది. అదే దానిలోని లోపం.

ఇక విద్యార్థి మిత్రులతో నాలుగు మాటలు. చూడటం వేరు, దిద్దడం వేరు అన్నది పైకి సామాన్య విషయంగా తోస్తుంది. ఆచరణలో దానిని పాటించేవారు తక్కువ. ఫైలులో ఏమున్నదో చూద్దామని సర్వాధికారంతో ఎడిటరులో తెరుస్తాము. తెలియక ఒక మీట నొక్కుతాము. మూసేటప్పుడు భద్రపరచమంటావా అని అడిగితే అవునంటాము. చూడటానికి పోయి దిద్ది వచ్చామన్నమాట. కనుక చూడదలచినప్పుడు సామాన్య వాడుకరిగానే చూడాలి. లెస్ అనే ఆదేశంతో చూడాలి. లెస్ పుట తరువాత పుట చూపుతుంది, వెదకిపెడుతుంది, వ్రాయదు. సుడో అనే మాట చూడటానికి అనవసరం. అధికారం చేతిలో లేనివాడు పొరపాటున కూడా హాని చేయలేడు. ఇది యంత్రానికే కాక లోకానికీ వర్తించే మాట.

చూడటంలో ఇంకొక లాభమున్నది. చాలా ఫైళ్ళు తమను ఎలా వాడాలో తమ తలకట్టులోనే చెప్పుకొంటాయి. యంత్రాన్ని లేపే గ్రబ్ అనే కార్యక్రమానికి గ్రబ్ సీఎఫ్‌జీ అనే ఫైలు ఉన్నది. దానిని తెరచి చూస్తే ఈ ఫైలును దిద్దవద్దు అని మొదటి పంక్తులలోనే హెచ్చరిక ఉంటుంది. అది యంత్రం తానుగా తయారుచేసుకొనే ఫైలు. మనం దిద్దవలసినది ఎట్సీలోని డీఫాల్ట్ డైరెక్టరీలో గ్రబ్ అనే పేరుగల చిన్న ఫైలు. దానిని దిద్ది, అప్‌డేట్ గ్రబ్ అనే ఆదేశం ఇస్తే, డెబియన్, ఉబుంటు వంటి వాటిలో పెద్ద ఫైలు తిరిగి తయారవుతుంది. చదవకుండా దిద్దినవాడి శ్రమ తరువాతి నవీకరణలో తుడిచిపెట్టుకుపోతుంది.

దిద్దవలసి వచ్చినప్పుడు పాటించవలసిన మర్యాదలు కొన్ని ఉన్నాయి. మొదటిది నకలు. సీపీ ఆదేశానికి చిన్న పీ చేర్చి నకలు తీస్తే ఫైలు హక్కులూ కాలమూ కూడా నకలులో నిలుస్తాయి. నకలు పేరులో తేదీ ఉండాలి. దానిని మీ స్వంత డైరెక్టరీలో ఉంచడం మేలు. కారణం చెబుతాను. ఎట్సీలో కొన్ని డైరెక్టరీల లోపల ఉన్న ప్రతి ఫైలునూ యంత్రం వరుసగా చదివి అమలుచేస్తుంది. గ్రబ్ డీ అనే డైరెక్టరీ అలాంటిది. అక్కడ అమలు హక్కుతో ఉన్న నకలును ఉంచితే నకలు కూడా అమలవుతుంది. భద్రత కోసం చేసిన పనే చిక్కు తెచ్చిపెడుతుంది.

రెండవది, ఒక్కసారికి ఒక్క మార్పు. మూడు మార్పులు ఒకేసారి చేసి యంత్రం లేవకపోతే దోషం ఏ మార్పుదో తేలదు. మార్చిన తరువాత డిఫ్ అనే ఆదేశంతో పాత నకలునూ కొత్త ఫైలునూ ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి. మనం మార్చామనుకొన్న పంక్తి ఒక్కటే మారిందా, చేయి జారి మరొకటి కూడా మారిందా అన్నది అది నిష్పక్షపాతంగా చెబుతుంది. పంక్తి చేర్చడానికి బాణం గుర్తు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. రెండు బాణాలు వేస్తే కొత్త పంక్తి ఫైలు చివర చేరుతుంది. ఒక్క బాణమే వేస్తే పాత ఫైలంతా పోయి ఆ ఒక్క పంక్తే మిగులుతుంది. ఒక్క మీట తేడాలో ఇంత అనర్థం ఉన్నది.

మూడవది, యంత్రాన్ని ఆపక ముందే పరీక్షించడం. ఇదే నేను చేయనిది. ఎఫ్‌స్టాబ్‌లో ప్రతి పంక్తికీ ఆరు భాగాలు. ఏ డిస్కు, ఏ చోట, ఏ రకపు ఫైలు వ్యవస్థ, ఏ నియమాలతో అన్నవి మొదటి నాలుగు. డంప్ అనే పాత నకళ్ళ కార్యక్రమానికి సంబంధించినది అయిదవది. లేచేటప్పుడు ఏ వరుసలో తనిఖీ చేయాలన్నది ఆరవది. డిస్కును ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లతో కాక దాని యూయూఐడీ అనే దీర్ఘసంఖ్యతో చెప్పడం క్షేమం. ఆ పొట్టి పేర్లు యంత్రం లేచినప్పుడల్లా తారుమారు కావచ్చును. సంఖ్య మారదు. పంక్తి వ్రాసిన తరువాత ఫైండ్‌మౌంట్ ఆదేశానికి వెరిఫై చేర్చితే అది ఫైలును తనిఖీ చేస్తుంది. మౌంట్ ఆదేశానికి చిన్న ఏ చేర్చితే ఫైలులో చెప్పిన డిస్కులన్నిటినీ అప్పటికప్పుడే జతపరచి చూస్తుంది. ముందే జతపడి ఉన్నదాన్ని అది దాటిపోతుంది గనుక, పరీక్షించదలచిన డిస్కును ముందు విడదీయడం మరువరాదు. నేను ఆ ఒక్క ఆదేశం ఇచ్చి ఉంటే, యంత్రం మెలకువగా ఉన్నప్పుడే నా తప్పును నా ముఖాన చెప్పి ఉండేది. తప్పు పగటి వెలుతురులో దొరకడం వేరు, యంత్రం నిద్రపోయిన తరువాత దొరకడం వేరు.

అత్యవసరం కాని డిస్కుకు నోఫెయిల్ అనే నియమం చేర్చడం కూడా తెలిసి ఉండాలి. అది ఉంటే ఆ డిస్కు జతపడకపోయినా యంత్రం మేలుకొంటుంది. అది లేకుండా డిస్కునే ఊడదీసి ఉంటే, ఇప్పటి వ్యవస్థలు సాధారణంగా తొంభై సెకన్లు ఎదురుచూచి అత్యవసర స్థితిలోకి పోతాయి. పాత సంచికల డిస్కు కోసం యంత్రమంతా ఆగిపోవలసిన పని లేదు. ఆ అమ్మాయి నా పంక్తిని చేతితో తిరిగి టైపు చేసి, ఈ మాట చేర్చి, పరీక్షించి, ఆ తరువాతే యంత్రాన్ని ఆపి వేసింది.

నాల్గవది, మూలాన్ని తాకకుండా దిద్దే సదుపాయం ఉన్నచోట దానినే వాడటం. 2010లో వెలువడిన సిస్టమ్‌డీ ఇప్పుడు చాలా లినక్సు వ్యవస్థలను మేల్కొలుపుతున్నది. దానిలో సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ అంటే ఒక సేవకు సంబంధించిన అమరిక అంతా తెర మీద చూపుతుంది. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అంటే మూల ఫైలును కదలనీయక, మన మార్పులను వేరే చిన్న ఫైలులో వ్రాయిస్తుంది. రివర్ట్ అంటే ఆ మార్పులు తొలగి మూలం తిరిగి నిలుస్తుంది. మూల పద్యాన్ని తాకక వ్యాఖ్యానాన్ని క్రింద వ్రాసే మన సంప్రదాయం ఇటువంటిదే. అలాగే అధికారాల జాబితా అయిన సుడోయర్స్ ఫైలును దిద్దడానికి విసుడో ఉన్నది. అది ఒకే సమయంలో ఇద్దరు దిద్దకుండా తాళం వేస్తుంది. నకలు మీదనే దిద్దిస్తుంది. వ్యాకరణ దోషం ఉంటే ఏం చేద్దామని తిరిగి అడుగుతుంది. అనుభవజ్ఞులు తమను తామే నమ్మక ఈ కట్టుబాట్లు పెట్టుకొన్నారు. మనమెంత?

తెలుగు చదివినవాడిగా నాకు ఇక్కడ సి.పి. బ్రౌను గుర్తుకు వస్తాడు. 1798లో జన్మించిన ఆ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, ఊరూరా సేకరించిన తాళపత్ర ప్రతులకు శుద్ధప్రతులు వ్రాయించి, పాఠాలను పోల్చి చూపించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. తాటాకు మీద ఎవరూ దిద్దలేదు. దిద్దినది నకలు మీద. ఏ ప్రతిలో ఏ పాఠమున్నదో పోల్చినది పక్కపక్కన పెట్టుకొని. ఒక్క ఒత్తు జారితే అర్థం మారుతుందని ఎరిగినవారు గనుక అంత జాగ్రత్త. యంత్రపు అమరికల ఫైలుకు కావలసిన క్రమశిక్షణ కూడా ఇదే. కనుక ఇది కంప్యూటరు విద్యార్థులకు మాత్రమే చెందిన విద్య కాదు. అచ్చుతప్పులు దిద్దే ప్రతి విద్యార్థికీ ఇది పరిచితమైన విద్యే.

లోకంలో పెద్ద సంస్థలు కూడా ఈ క్రమశిక్షణ తప్పినప్పుడు ఏమయిందో చూడండి. పూర్వం విండోస్ ఎక్స్‌పీ వంటి వ్యవస్థలలో బూట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైలు ఉండేది. ఏ డిస్కులోని ఏ వ్యవస్థను లేపాలో అది చెప్పేది. దాచిన ఫైలు, చదవడానికి మాత్రమే అనే గుర్తులు వేసి దానిని కాపాడేవారు. 2007 డిసెంబరులో ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటకు వచ్చిన ఒక నవీకరణ, తన స్వంత డైరెక్టరీలోని అదే పేరుగల ఫైలుకు బదులు, డిస్కు మొదట్లో ఉన్న ఈ ఫైలును తొలగించింది. ఆట కోసం వచ్చినవారిలో కొందరి యంత్రాలు మరుసటిసారి లేవలేకపోయాయి. చోటు సరిగా చెప్పకపోవడం తప్ప అందులో వేరే దోషం లేదు.

ఇటీవలి ఉదాహరణ ఇంకా పెద్దది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షణ సాఫ్ట్‌వేరు సంస్థ పంపిన ఒక అమరికల ఫైలులో దోషం ఉండటం వలన విండోస్ యంత్రాలు నీలి తెర చూపి కూలిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం వాటి సంఖ్య 85 లక్షలు. ఆ ఫైలును 78 నిమిషాలలోనే ఉపసంహరించారు. కాని అప్పటికే పడిపోయిన యంత్రాలు తిరిగి లేవడానికి వాటిలో చాలావాటి వద్దకు మనిషి వెళ్ళి, సేఫ్ మోడులో తెరచి, ఒక్క ఫైలును తొలగించవలసి వచ్చింది. మన దేశపు విమానాశ్రయాలలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. హైదరాబాదు నుంచి ఇచ్చిన అటువంటి పాసు చిత్రం దేశమంతా చూసింది. ఆ రోజున లోకానికి అవసరమయినవారు ఎవరు? నల్ల తెర ముందు కూర్చొని, భయపడక, సరియైన డైరెక్టరీకి వెళ్ళి, సరియైన ఫైలును గుర్తించి, దానిని మాత్రమే తొలగించగలవారు. డిస్కు గుప్తీకరించి ఉన్నచోట దాని తాళపు సంఖ్యను ముందే వ్రాసి భద్రపరచినవారు. ఆ విద్యనే మన ఉత్తర్వు రిజిస్టరులో నేరంగా వ్రాయిస్తున్నది.

టెర్మినల్ మూసివేస్తే యంత్రం భద్రమన్న భావం కూడా సరియైనది కాదు. యంత్రం ముందు కూర్చొనే వీలున్నవాడు పెన్ డ్రైవుతో దానిని లేపవచ్చును. గ్రబ్ జాబితాలో ఒక అక్షరం నొక్కి, లేచే పంక్తినే మార్చి, సంకేతపదం లేకుండానే సర్వాధికారి కావచ్చును. దీనిని నివారించదలచుకొంటే గ్రబ్‌కూ, యంత్రపు ప్రాథమిక అమరికలకూ సంకేతపదాలు పెట్టాలి, డిస్కును గుప్తీకరించాలి. అల్లరి చేసేవాడిని ఉత్తర్వు ఆపదు. నేర్చుకొనేవాడినే అది ఆపుతుంది.

కావున కమిటీ వారికి నా సవినయ మనవి ఇది. చూసే స్వేచ్ఛను విద్యార్థులందరికీ తిరిగి ఇవ్వండి. సామాన్య ఖాతాతో టెర్మినల్ తెరచి అమరికల ఫైళ్ళను చదివినందువలన ఏ యంత్రమూ పాడుకాదు. దిద్దే అధికారాన్ని ప్రయోగశాల బాధ్యుల వద్దనే ఉంచండి. మూలనపడి ఉన్న రెండు పాత యంత్రాలను దిద్దడం నేర్చుకోవడానికి కేటాయించండి. వాటిని పాడుచేయడం, మళ్ళీ బాగుచేయడం ప్రాక్టికల్స్‌లో భాగం కావాలి. పాత యంత్రాలు చాలకపోతే వర్చువల్ యంత్రాలు ఉన్నాయి. వాటికి ఖర్చు లేదు. దిద్దేముందు ఉన్న స్థితిని స్నాప్‌షాట్ తీసి ఉంచుకొంటే ఒక్క నొక్కుతో వెనుకకు రావచ్చును. ప్రతి యంత్రం ప్రక్కన ఒక నోటుబుక్కు ఉండాలి. ఎవరు, ఏ తేదీన, ఏ ఫైలులో, ఏ పంక్తిని, ఎందుకు మార్చారో అందులో వ్రాయాలి. చాచా చేతిలోని రిజిస్టరు శిక్షకు బదులు ఇందుకు ఉపయోగపడితే దానికీ గౌరవం. యంత్రాన్ని లేపగల పెన్ డ్రైవు ఒకటి, ముఖ్యమైన ఫైళ్ళ అచ్చుప్రతి ఒకటి బీరువాలో ఉండాలి. ఆ రెండూ ఆ రోజున ఉంటే నేను రెండు రోజులు వ్యర్థంగా కూర్చొని ఉండేవాడను కాను.

ఇంకొక మాట. పాఠ్య ప్రణాళికలో లేనిది మనకెందుకని కొందరు పెద్దలు అన్నారు. మన కళాశాలకు వచ్చే పిల్లలలో అధికులు ఇంట్లో కంప్యూటరు లేనివారు. ఈ గదిలో చేయి పెట్టి నేర్చుకొన్నదే వారి పెట్టుబడి. రేపు ఉద్యోగంలో మొదటి వారంలోనే ఎవరో ఒకరు వారిని నల్ల తెర ముందు కూర్చోబెట్టి ఈ సర్వరు లేవడం లేదు, చూడండి అంటారు. అప్పుడు వారి చేతులు వణకకూడదు. ఇంట్లో కంప్యూటరు ఉన్న పిల్లవాడు దానిని పదిసార్లు పాడుచేసి నేర్చుకొంటాడు. లేనివాడికి పాడుచేసి నేర్చుకొనే చోటు కళాశాల తప్ప మరొకటి లేదు. ఆ చోటును మూసివేయడం పేద విద్యార్థికి రెండవసారి తలుపు మూయడమే.

విద్యార్థులకూ ఒక మాట చెప్పి ముగిస్తాను. స్వేచ్ఛ అడిగేవారు క్రమశిక్షణ చూపాలి. తెలియని ఆదేశాన్ని ఎక్కడో చూసి నకలు చేసి అతికించకండి. సర్వాధికారంతో అసలే అతికించకండి. అలా అతికించి పడినవాడి మాట ఇది, నమ్మండి. మనం లినక్సులో నేటికీ వాడే విఐ ఎడిటరును 1976లో మొదట వ్రాసిన బిల్ జాయ్ ఆనాడు బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి. అతని చేతి నుంచి నల్ల తెరను లాగివేసినవారు అక్కడ ఎవరూ లేకపోవడం లోకానికి మేలయింది. మన గదిలో కూడా అటువంటివారు ఉండవచ్చును. ఒకామె ఉన్నదని నాకు తెలుసు.

ఆమె తీసిన ఆ పాడైన ఫైలు నకలు ఇప్పటికీ పత్రిక యంత్రంలో తేదీతో సహా ఉన్నది. కమిటీ పెద్దలలో ఎవరైనా చూడదలచుకొంటే, ఏ అధికారమూ అవసరం లేకుండా, లెస్ ఆదేశంతో నిరభ్యంతరంగా చూడవచ్చును.